చిలక చేతికి సుద్దపొడి

నేను టీచర్‌గా ఉన్న బడిలో ఆయమ్మ మా అమ్మే. పిల్లల ముక్కులు తుడిచేది, ఏడిస్తే చంకనెత్తుకునేది. ఫ్లూ జ్వరం ఆమె ఊపిరితిత్తుల్లోకి దిగింది. పదకొండో రోజున అమ్మ పోయింది.

ఎవరి దగ్గర అంటుకుందో నాకు తెలుసు. మందుల షాపు ఆవిడకి నాలుగేళ్ల కూతురుంది. నోరు మూయదు కాబట్టి చిలక అంటాం. "పొద్దున అమ్మ తియ్యమందు పోసింది, టీచర్‌కి చెప్పొద్దంది" అని ఆ చిలకే చెప్పింది. మధ్యాహ్నానికి ఒళ్లు కాలిపోతుంటే, రెండు గంటలు దాన్ని భుజాన వేసుకుని తిరిగింది మా అమ్మ. జ్వరం మందులు అమ్మే మనిషికి తెలియక కాదు, షాపు మూయలేక బడికి పంపింది. పైగా పరామర్శకొచ్చి "పెద్దవయసు కదండీ" అని వెళ్లింది.

తల్లిదండ్రుల ముందు పిల్లలకు ఫ్లూ గురించి చెప్పమని హెడ్మిస్ట్రెస్ నన్నే అడిగారు. వెతకబోయిన తీగ కాలికి తగిలినట్టయింది. మందుల షాపు ఆవిడ కుర్చీ ముందు వరుసలో వేయించాను.

చిలక అరచేతికి సుద్దపొడి పట్టించాను.

"ఇదే ఫ్లూ పురుగనుకోండి. మామూలుగా కనపడదు. దగ్గితే, తుమ్మితే ఎగురుతుంది. చేతుల మీద షికారు చేస్తుంది. ఇప్పుడు అందరూ చేతులు కలపండి."

నవ్వుకుంటూ కలిపారు. చూస్తుండగానే పన్నెండు జతల చేతులూ తెల్లబడ్డాయి. ఒకడి ముక్కుకీ అంటింది.

"జ్వరమొస్తే ఏం చెయ్యాలి?"

"ఇంట్లో పడుకోవాలి."

"మందు పోసి, దాచిపెట్టి బడికి పంపితే?"

ఆవిడ కళ్లలోకే చూస్తూ అడిగాను. తల దించుకుంది. నాకు హాయిగా ఉంది, దాచడమెందుకు.

చిలక మాత్రం నవ్వు ఆపేసింది. తలుపు పక్కన ఖాళీగా ఉన్న ఆయమ్మ స్టూలు చూసింది. తన చేయి చూసుకుంది. గబగబా గౌనుకి రుద్దుకుంది.

"నేను ముట్టుకోలేదు టీచర్. ఆయమ్మే ఎత్తుకుంది."

"తప్పు నీది కాదమ్మా."

"మరి మా అమ్మదా?"

ఈ మాట కోసమే మూడు వారాలుగా కాచుకుని ఉన్నాను. జవాబు నోటిదాకా వచ్చింది. తడిగుడ్డ తీసుకుని చిలక ముందు కూర్చున్నాను.

ముందు వరుసలోంచి ఆవిడే అంది.

"అవును తల్లీ. అమ్మదే."

నేనటు చూడలేదు. క్షమించనూ లేదు. చిలక వేళ్ల సందుల్లో పొడి తుడుస్తూ ఉండిపోయాను.