ఊరికే పరుగెత్తినవాడికే కప్పు

బరంపురం నుంచి గోపాలపూర్ దాకా జరిగే పరుగు పందేనికి మా ఆయన పేరిచ్చారని నాన్న భోజనాల దగ్గర చెప్పినప్పుడు, నేను మజ్జిగ విస్తట్లో పొయ్యకుండా నేలమీద పోశాను. మా ఆయన శ్యామసుందర్ వీధి చివరికి వెళ్ళాలన్నా జట్కా పిలిచే మనిషి. అల్లుడికి ఆటలంటే ఇంత ఇష్టమని తెలియనే తెలియదని నాన్న మురిసిపోయారు. మురవక ఏం చేస్తారు, పందెం కమిటీకి ఆయనే కార్యదర్శి.

ఆ ఇష్టం ఆటల మీద కాదని నాకొక్కదానికే తెలుసు. మాకు వైశాఖంలో పెళ్ళయింది. ఆషాఢంలో కొత్త కోడలు అత్తవారింట ఉండకూడదు, కొత్త అల్లుడు అత్తింటి గడప తొక్కకూడదు కనుక నన్ను పుట్టింటికి తెచ్చేశారు. పుట్టిల్లు బరంపురంలోనే, గోసాని నువాగాంలో. అత్తవారిల్లు రెండు వీధుల అవతల. మా డాబా ఎక్కితే వాళ్ళ పెరట్లో కొబ్బరిచెట్టు కనిపిస్తుంది. కాలేజీలో తర్కశాస్త్రం చదివినదాన్ని, రోజూ సాయంత్రం ఆ చెట్టును చూసి సిగ్గుపడుతూ ఉండేదాన్ని.

రెండు వీధులు దాటే వీలు లేక, ఆయన పది మైళ్ళు పరుగెత్తడానికి సిద్ధపడ్డారు. పందెం ముగిసేచోట, సముద్రపు ఒడ్డున షామియానా వేసి, కమిటీవారి ఇళ్ళ ఆడవాళ్ళు పానకం పంచడం ఆనవాయితీ. నేను సాక్షాత్తూ కార్యదర్శి కూతుర్ని.

అమ్మ ఆనవాయితీనీ కాదనలేదు, ఆషాఢాన్నీ కాదనలేదు. పానకం కలిపేదాకా ఉండి, పరుగువాళ్ళు రాకముందే మొదటి బస్సులో నేను ఇంటికి వచ్చెయ్యాలని తీర్పు చెప్పింది. మొదటి బస్సు తొమ్మిదింటికి. మా చాకలి ఆదిలక్ష్మి ఆ కబురు కొబ్బరిచెట్టు ఇంటికి మోసుకెళ్ళి, బాబు సరేనన్నాడనీ, ముఖం మాత్రం పాలిపోయిందనీ చెప్పింది. పాలిపోదూ మరి. పందెం చరిత్రలో తొమ్మిది లోపల సముద్రం చేరిన పెద్దమనిషి ఒక్కడూ లేడు.

ఆ చరిత్రను నాన్న ఏటేటా పందేనికి ముందు నిలబడి చదువుతారు. చిన్నప్పటి నుంచీ విని విని నాకు కంఠతా వచ్చేసింది. చక్రవర్తి పట్టాభిషేకమైన ఏడు, అప్పటి దొర ఒకాయన సీమలో ఇలాంటి పరుగును మారథాన్ అంటారని చెప్పి దీన్ని మొదలుపెట్టాడు. ఊళ్ళో ప్లీడర్లూ షావుకార్లూ బయల్దేరారు. అందరికంటే ముందు సముద్రం చేరినవాడు టపా మోసే పోతయ్య. పందెం సంగతి అతనికి తెలియదు. రోజూలాగే టపా సంచీ భుజాన వేసుకుని, గంటలు కట్టిన బల్లెంతో వచ్చాడు. బ్యాండు మోగగానే తనకోసమే పోలీసులొచ్చారనుకుని సంచీ దొర కాళ్ళ దగ్గర పెట్టి దండం పెట్టాడు. జీతానికి పరుగెత్తేవాళ్ళు పనికిరారని కమిటీ ఆ సాయంత్రమే తీర్మానించింది.

మరుసటేడు జాలరి మసేను గెలిచాడు. బజారులో చేపలమ్మి, పడవ తనను వదిలి వెళ్ళిపోతుందేమోనని పరుగెత్తాడట. సముద్రం దగ్గర పని ఉన్నవాళ్ళు పనికిరారన్నారు. ఆ పై ఏడు ధర్మలింగం షావుకారు గెలిచాడు. ఆయనను ఆంబోతు తరిమింది. షావుకారు మీద ఎంత గౌరవమున్నా ఆంబోతును లెక్కలోంచి తీసెయ్యడం కమిటీకి చేతకాలేదు. చివరికి అన్నీ కలిపి ఒకే నియమం చేశారు: అవసరం ఉన్నవాడు పరుగెత్తకూడదు. అప్పట్నుంచీ గెలిచినవాణ్ణి అందరి ముందూ ఎందుకు పరుగెత్తావని అడుగుతారు. "ఊరికేనండి" అంటేనే కప్పు. ఈ నియమం వచ్చాక పందెం చాలా మర్యాదగా జరుగుతోంది. నిరుడు గెలిచిన లక్ష్మణరావుగారు దారిలో రెండుచోట్ల కాఫీకి కూడా ఆగారు.

ఆరోజు ఒడ్డున గాలి, ఎండ, ముంజెలమ్మేవాళ్ళ కేకలు. నాకు అన్నీ ముద్దొచ్చాయి. పానకంలో మిరియాలు రెండుసార్లు వేశాను. తొమ్మిదవుతుండగా బస్సు డ్రైవరు నీలకంఠం హారన్ కొట్టాడు. రోడ్డు మీద పురుగు కూడా లేదు. అమ్మ నా చెయ్యి పట్టుకుంది.

నా కాలి మట్టె ఇసకలో పడిపోయిందన్నాను.

కొత్త పెళ్ళికూతురి మట్టె. అదీ ఆషాఢంలో. బస్సు కాదు, కలెక్టరు కారైనా ఆగవలసిందే. షామియానాలో ఆడవాళ్ళందరూ కొంగులు బిగించి ఇసక జల్లెడ పట్టారు. బస్సు దిగి నీలకంఠం కూడా వెతికాడు. మా మామ్మ అచ్చమ్మ మాత్రం కదల్లేదు. బిగించిన నా పిడికిలి వైపు చూసి, కుర్చీ నీడలోకి జరుపుకుంది.

వెతుకులాట ఇంకా సాగుతుండగానే బ్యాండు మోగింది. పంచె గోచీగా బిగించి, ఒక కాలికి కాన్వాసు జోడు, ఒక కాలికి దుమ్ముతో మా ఆయన వస్తున్నారు. జట్కా గుర్రానికి కూడా అంత ఆయాసం నేను చూడలేదు. నాకు వెంటనే మట్టె దొరికింది.

"దొరికింది కదా, పద" అని అమ్మ నన్ను బస్సు వైపు లాగింది.

నాన్న కప్పు చేత్తో పట్టుకుని, గొంతు సవరించుకుని, చరిత్ర చదివే గొంతుతోనే అడిగారు.

"ఎందుకు పరుగెత్తారు, అల్లుడుగారూ?"

ఆయన కప్పును చూశారు. బస్సు మెట్టు మీద ఒక కాలు పెట్టిన నన్ను చూశారు. అబద్ధమాడడానికి కొంచెమైనా ఊపిరి కావాలి. ఆయన దగ్గర అది లేదు.

"మా ఆవిణ్ణి చూడ్డానికండి."

బ్యాండువాళ్ళు సగంలో ఆపేశారు. నాన్న ముఖం పోతయ్యను చూసిన దొర ముఖంలా అయింది. కార్యదర్శిగా కప్పు వెనక్కి తీసుకోవాలి, మామగారిగా ఆషాఢాన్ని కాపాడాలి. కప్పు వెంటనే వెనక్కి తీసుకున్నారు. తర్వాత ఏం చెయ్యాలో తెలియక నన్ను బస్సెక్కమన్నారు.

మామ్మ కుర్చీలోంచే నాన్నను పిలిచింది. "ఒరే కూర్మా, ఆషాడంలో అల్లుడు అత్తింటి గడప తొక్కకూడదన్నారు గానీ, ఇసక తొక్కకూడదని ఎవులు సెప్పారు? సముద్రానికి గడపెక్కడున్నాదో సూపించు."

నాన్న నిజంగానే ఒకసారి సముద్రం వైపు చూశారు. ప్లీడరు కదా. అటువైపు వాదన ఏమీ దొరకలేదు. నీలకంఠం మొదటి బస్సును ఖాళీగా తీసుకుపోయాడు.

మధ్యాహ్నం దాకా నీళ్ళలో కాళ్ళు పెట్టుకుని కూర్చున్నాం. ఆయన బొబ్బలకు ఉప్పునీళ్ళు తగిలినప్పుడల్లా నా చెయ్యి గట్టిగా పట్టుకునేవారు. అందుకే ఆయన్ను కాళ్ళు తియ్యమని నేను చెప్పలేదు. నా మిరియాల పానకం రెండు గ్లాసులు తాగి, బాగుందన్నారు. ఊపిరి వచ్చేసినట్టుంది.

రెండో బస్సు వేళకు లక్ష్మణరావుగారు గొడుగేసుకుని నడుచుకుంటూ వచ్చి, ఊరికేనని చెప్పి కప్పు పట్టుకెళ్ళారు. ఆయన మాటను ఎవరూ అనుమానించలేదు.

వచ్చే ఏడు చదవబోయే చరిత్రలో నాన్న ఒక వాక్యం కలిపారు: పెళ్ళయి ఏడాది దాటనివారు పనికిరారు. అలా పోతయ్య, మసేను, ఆంబోతుల సరసన మేమూ చేరాం. ఆషాఢం ఇంకా సగం మిగిలే ఉంది. ఛత్రపురంలో ఈత పందెం లాంటిది ఏమైనా జరుగుతుందా అని ఆయన ఆదిలక్ష్మి చేత అడిగించారు. ఆయనకు ఈత రాదు.