వీరుడు గడప దాటాక

ఎసట్లో బియ్యం ఎప్పుడు పోయాలో మా ఇంట్లో కథే చెబుతుంది. వసారాలో కథలు చెప్పే హనుమయ్య తాత వీరగాథ పాడుతుంటాడు. పాటలో వీరుడు గడప దాటగానే తలుపు వెనక కూర్చున్న ఆడవాళ్లం లేచి వంటింట్లోకి వెళ్లాలి. అతను దారిలో ఉన్నంతసేపూ మేం పొయ్యి దగ్గర ఉంటాం. శత్రువు కోట చేరేసరికి విస్తళ్లు పడాలి. జర్మనీతో యుద్ధం మొదలయ్యాక ఊళ్లో కిరసనాయిలు దొరకడం లేదు, చీకటి పడకముందే భోజనాలు అయిపోవాలి.

కారంపూడిలో మా మామగారి కాలం నుంచీ ఏటా ఒక మధ్యాహ్నం మా కొట్టు మూసి ఈ కథ చెప్పిస్తున్నారు. వీరుడు తల్లి కాళ్లకు మొక్కడం, భార్య కత్తి అందించడం నాకు కంఠతా వచ్చు. కోట కూలడం వడ్డిస్తూ విన్నాను. మధ్యలో ఏం జరిగిందో మాత్రం తెలియదు. ఇంట్లో అన్నకు ఎదురు చెప్పలేనివాడు కోట ముందు అంత గుండెతో ఎలా నిలబడ్డాడు? ఒకసారి మా ఆయన్ని అడిగితే, "బయల్దేరేదాకా విన్నావుగా. ఆనకంతా దారేగా, దాంట్లో ఏముంది?" అన్నాడు. ఏమీ లేని ఆ దారి తాత పాడుతున్నప్పుడే ఆయన నోట్లో వక్క నమలడం కూడా మరిచిపోతాడని తలుపు సందులోంచి చూశాను. నాకు ఒళ్లు మండింది. వీరుడి భార్య మీద జాలి కూడా కలిగేది. మొగుడు గడప దాటగానే కథ అతని వెంట వెళ్లిపోతుంది. ఆమె ఆ పూట తిన్నదో లేదో ఎవరూ పాడరు. మా ఆయన బేరానికి గుంటూరు వెళ్లొస్తే నాలుగు రోజులు రైలు కబుర్లే చెబుతాడు. నువ్వెలా ఉన్నావని అడగడు, నేనెక్కడికీ వెళ్లలేదుగా.

ఈ ఏడు హనుమయ్య తాత దగ్గుతూ మొదలుపెట్టాడు. కొడుకులెవరూ పాట నేర్వలేదని, వచ్చే ఏడు తాను రాలేనని చెప్పాడు. మగవాళ్లు అయ్యో అన్నారు. నేను మాత్రం తలుపు సందుకు ఇంకాస్త దగ్గరగా జరిగాను.

వీరుడు గడప దాటాడు. మా అత్తగారు రాఘవమ్మ లేచారు. నేను లేవలేదు.

"ఏమే సుశీలా, ఎసరు మరుగుతా ఉంటే కూర్చున్నావేంది?"

"ఈ ఒక్కసారి వింటా అత్తయ్యా."

"కథ యాడికి పోద్ది?"

"పోద్ది. తాతతోనే పోద్ది."

ఆవిడ విసురుగా లోపలికి వెళ్లారు. పెద్దావిడ ఒక్కతే వండుకుంటోందని సిగ్గేసింది. అయినా కదల్లేదు. వీరుడు ఏటి దగ్గరికి చేరాడు. అవతలి ఒడ్డు చూసి భయపడ్డాడు. ఇంటికి పోతానంటూ సగం దారి వెనక్కి నడిచాడు, మళ్లీ వచ్చి ఇసుకలో కూలబడి ఏడ్చాడు. ఇంతమంది మగవాళ్లు ఏటా విన్న సంగతే, ఒక్కరూ మాకు చెప్పలేదు.

పక్కన ఎవరో కూర్చున్నారు. చూస్తే అత్తగారు. చీరంతా నీళ్ల తడి, ఆర్పిన పొయ్యి వాసన.

"యాడదాకా పోయాడే?" అని మెల్లగా అడిగారు.

"ఏటి ఒడ్డున ఏడుస్తన్నాడు."

"ఏడ్చాడా?" అన్నారావిడ. "ఇన్నేళ్లు వండాను. మీ మామ ఒక్కనాడూ చెప్పలేదు."

మా ఆయన తలుపు దగ్గరికొచ్చి తొంగి చూశాడు. "అమ్మా, పొద్దు గూకతా ఉంది. అన్నం ఏదీ?"

అత్తగారు వసారా వైపు నుంచి చూపు తిప్పలేదు.

"వాడింకా ఏరు దాటలేదురా. కూర్చో."