తెల్లని కూనలు

గ్రీష్మాంతమున తొలివాన కురిసి వెలసిన యొక ప్రభాతమున నల్లమల యంచునగల యొక సంస్థానపు కోటవాకిట ఎఱ్ఱమన్ను పరిమళించుచుండ నెమళ్లు ప్రాకారముపై తడిసిన పింఛముల నార్చుకొనుచుండ జగమెల్ల మంగళస్నానము చేసినట్లుండెను. శునకశాలలో బోయ కదిరప్ప ముఖము మాత్రము చేదుమందు మ్రింగినవానివలె ముడుచుకొనిపోయి యుండెను.

మూడుతరములుగా కదిరప్ప వంశమువారే యచ్చటి వేటకుక్కలను పెంచుచుండిరి. రాళ్లనేలపై రెండుక్రోసులు పరుగెత్తించి యూపిరి పరీక్షింపక పసిపిల్లల నడుమ విడిచి స్వభావ మెఱుగక తోబుట్టువుల గుణదోషములు విచారింపక యే కుక్కకును జత కూర్పకుండుట వారి యాచారము. క్రోసెడు దూరమున కొమ్మూదినను విని మరలివచ్చు నాజాతి యట్టి యోపికవలననే నిలిచినది. క్రొత్త జమీందారు రామభద్రరాయనింగారికో వేట యక్కఱలేదు. పాలనురుగువంటి తెల్లదనము కావలెను. రంగుగల కుక్కల నెల్ల వెడలగొట్టించి ధవళుడను కుక్కను దాని కూతురికే బలవంతముగా కట్టించిరి. ఆ పనికి తన చేతులే తాడు పట్టినవని తలచినప్పుడెల్ల కదిరప్ప యఱచేతులను పంచెకు తుడుచుకొనుచుండెను. పాతజాతిలో చిన్ని యను పులిచారల యాడుకుక్క యొక్కటియే మిగిలెను.

అంతలో జమీందారుగారు పట్టుతువాలు ముక్కునకు అడ్డము పెట్టుకొని విచ్చేసి యా జతకు పుట్టి యాడుకొనుచున్న యైదు తెల్లకూనలను చూచి మురిసిపోయిరి.

"ఎంత ధైర్యము వీనికి! పిడుగు పడినను బెదరవు. రేపు చిన్నినిగూడ ధవళునికే కట్టుము. ఆ చారలు నశింపవలెను."

కదిరప్ప కంచుపళ్లెము తెచ్చి కూనల వెనుక నిలిచి బలముకొలది మ్రోగించెను. నెమళ్లు గోడ విడిచి యెగిరిపోయెను. మూలనున్న చిన్ని దిగ్గున లేచెను. కూనలు తలయైన త్రిప్పలేదు.

"ఇది ధైర్నం కాదు సామీ, పుట్టుచెవుడు. కొమ్మూదినా యినపడదు, ఎనకాల పందొచ్చినా యినపడదు. చిన్ని కడుపున గూడా ఇట్లాటివే పుట్టించేదానికి నాకు చేతులు రావు."

జమీందారుగారు చిఱునవ్వు నవ్విరి. "వినబడకున్ననేమి? చూచువారికి చక్కగా కనబడుచున్నవి కదా. కట్టువాడు మఱియొకడు దొరకును. ఆ చారలదానిని తోలుకొని నీవును వెడలుము."

కదిరప్ప కుడితితొట్టికడ చేతులు రుద్దిరుద్ది కడుగుకొనెను. రోత వదలలేదు. వెలుపలి ద్వారము దాటి యొక్క యీల వేయగా చిన్ని పరుగున వచ్చి యతని మోకాలి నానుకొనెను. అతని చేతిముద్దలు తిని పెరిగిన యైదు తెల్లకూనలును ఖాళీగిన్నె చుట్టుచేరి యతడు దినమును వచ్చెడు లోవాకిలివైపే చూచుచు నిలిచియుండెను.