ఉమ్మేయని గుక్క

సిడోనీ ఖాళీ పీపాలో మరుగునీళ్లు పోసి, ఇనపగొలుసు జారవిడిచి, బిరడా బిగించి అటూ ఇటూ దొర్లిస్తోంది. లోపల గొలుసు గరగరలాడుతూ నిరుటి మడ్డిని గీకుతోంది. రాతి మాళిగ చలికి ఆమె వేళ్ల కణుపులు ఉబ్బి ఎర్రబడ్డాయి. నీళ్లలో నానిన అరచేతులు తెల్లగా ముడతలు పడ్డాయి. పొడుగాటి మనిషి. మాళిగ కప్పుకి తల తగలకుండా మెడ వంచి నడవడం అలవాటై, వీధిలోనూ అలాగే నడిచేది.

"ఏమ్మా సన్యాసినీ, నిండు పీపాల సంగతి ఎప్పుడు చూస్తావు?" అన్నాడు మేస్త్రీ ఫిర్మెన్ మెట్ల మీంచి. "పుక్కిలించి ఊసేసే నీకు ఏది పులిసిందో ఎలా తెలుస్తుందో ఆ దేవుడికే తెలియాలి."

"అంత అనుమానముంటే నువ్వే దిగిరా," అంది సిడోనీ తలెత్తకుండా.

ఆమె ఈ పనికి ఇష్టపడి రాలేదు. తండ్రి తాగి తాగి చచ్చిపోయాడు. ద్రాక్షతోటల ఊరు షాబ్లీలో ఏడాది పొడుగునా కూడుపెట్టే పని వైన్ మాళిగల్లోనే దొరికింది. గొంతు దిగనివ్వనని తల్లి లూసియెన్‌కి ఒట్టుపెట్టి చేరింది. చెక్క పీల్చుకుని పీపాల్లో వైన్ తగ్గుతూ ఉంటుంది. తగ్గినంతా నింపాలి. నింపేముందు ఆ వైన్ చెడలేదని నాలుక మీద వేసుకుని చూడాలి. ఆమె చేదుమందులా వేసుకునేది, ఊసేది.

కిందటి శీతాకాలంలో ఒకనాడు మాళిగ మూలనున్న పీపా దగ్గర ఊయడం మరిచిపోయింది. తడిసిన సున్నపురాయి, పచ్చి యాపిల్ తొక్క, వెనకాల సన్నగా ఉప్పు. గుక్క దిగిపోయాక కూడా ఆ రుచి నోరు విడవలేదు. భయమేసి పీపా పట్టుకుని నిలబడిపోయింది. నాన్న ఒంటి మీద ఇంటికొచ్చిన కంపులో ఇదేదీ లేదు. బతుకంతా తాగిన ఆ మనిషి ఒక్కసారీ రుచి చూసి ఉండడనిపించింది. జాలేసింది. ఆ వెంటనే ఒళ్లు మండింది.

అప్పట్నుంచి రోజుకో గుక్క. ఇంటికెళ్లేముందు పచ్చి ఉల్లిపాయ నమిలేది.

ఇవాళ నమల్లేదు. మేస్త్రీనడిగి మూలపీపాలోంచి చిన్న సీసా నింపుకుంది.

"సన్యాసిని చెడిపోయిందర్రా," అన్నాడు ఫిర్మెన్, పనివాళ్లందరికీ వినబడేలా.

ఇంట్లో లూసియెన్ పొయ్యి పక్కన కుర్చీలో కూర్చుని ఉంది. "దా. ఊదు," అంది, రోజూ సాయంత్రం అన్నట్టే.

సిడోనీ వంగి ఊదింది. ముసలామె దవడ బిగుసుకుంది.

"తాగావు."

"తాగాను. ఏడాదిగా తాగుతున్నాను. రోజుకో గుక్క."

"మీ నాన్నా గుక్కతోనే మొదలెట్టాడు."

"నేను నాన్నని కాదమ్మా." సీసాలోది గ్లాసులో పోసి బల్ల మీద పెట్టింది. "ఒక్కసారి నాలుక మీద వేసుకో. ఆ తర్వాత తిట్టు."

"మీ నాన్న చేత నా పళ్లు రెండు ఊడగొట్టించిందది. దాన్ని నా నోట్లోనే పోస్తావుటే? తాగుబోతు నెత్తురు, ఎక్కడికి పోతుంది. నేను చచ్చాక నీ ఇష్టం. ఆ పీపాలో పడి ఈదు."

"అయితే నువ్వు చచ్చేదాకా ఆగాలన్నమాట."

అనేసింది. వెనక్కి తీసుకోబుద్ధి కాలేదు. బకెట్టు తీసుకుని వీధి పంపు దగ్గరికెళ్లి, నిండి పొర్లుతున్నా చెయ్యి తిమ్మిరెక్కేదాకా కొడుతూనే ఉంది.

తిరిగొచ్చేసరికి లూసియెన్ తల ఓ పక్కకి వాలి ఉంది. నిద్రనుకుంది. చారుకుండ పొయ్యి మీద పెట్టింది. రొట్టె కోసింది. "లే, తిందువుగాని," అంది కోపం తగ్గని గొంతుతోనే. పలకలేదు. చెయ్యి పట్టుకుంటే అది జారి ఒళ్లో పడింది.

సిడోనీ చాలాసేపు నేల మీదే కూర్చుంది. చారు మాడిన వాసనకి లేచి కుండ దించింది. పెట్టడానికి చోటు కోసం బల్ల వైపు తిరిగింది.

పోసిన వైన్ చుక్క తగ్గలేదు. గ్లాసు మీద, దుమ్ము పడకుండా, నీలం అంచు సాసరు బోర్లించి ఉంది.