పగటి నిద్రకు పనికివచ్చే ఇల్లు

ముప్పైనాలుగేళ్ళు రిజిస్ట్రేషన్ కార్యాలయంలో పనిచేసి పదవీ విరమణ చేసినవాణ్ణి. ఇల్లు కొనడమంటే దస్తావేజులు క్షుణ్ణంగా చదవడమేనని నా దృఢాభిప్రాయం. అందుచేత మా మేనకోడలు ఫ్లాటు కొంటానన్నప్పుడు ఆ బాధ్యతను నేనే స్వీకరించాను. మొదటి అంతస్తులోని ఒక ఫ్లాటు పత్రాలలో వంక పెట్టడానికి నాకేమీ కనిపించలేదు.

"నిశ్చింతగా సంతకం పెట్టవచ్చునమ్మా."

"ముందు అందులో పడుకుని చూడాలి మామయ్యా!"

ఆమె ఆసుపత్రిలో నర్సు. ఆరేళ్ళుగా రాత్రి డ్యూటీ. అద్దె గదిలో పగలు మూడు గంటలైనా కన్ను మూతపడదు. కిందటి నెల ఒక రోగి మందులు పక్క మంచానికి పట్టుకెళ్ళింది. తోటి నర్సు చూడబట్టి గండం గడిచింది. ఆనాటినుంచి తన చేతుల మీద తనకే నమ్మకం పోయింది.

మర్నాడు డ్యూటీ దిగి, చాప చంకన పెట్టుకుని నేరుగా ఆ ఖాళీ ఫ్లాటుకు వచ్చింది. బ్రోకరు నోరు వెళ్ళబెట్టాడు.

"గోడలు కొట్టి చూసినవాళ్ళున్నారు, కుళాయిలు తిప్పి చూసినవాళ్ళున్నారు. గురక పెట్టి చూసేవాళ్ళని ఇప్పుడే చూస్తున్నా సార్!"

నాకు తల కొట్టేసినట్లయింది.

పదకొండింటికి ఆమె కళ్ళు నులుముకుంటూ వచ్చి, నన్ను గోడకు చెవి ఆనించమన్నది. కింది నీళ్ళ మోటారు హోరు గోడలోనుంచి నా పళ్ళలోకి పాకింది. రోజుకు నాలుగుసార్లు వేస్తారని వాచ్‌మన్‌ చెప్పాడు. నేను చదివిన అరవై పుటలలో ఆ మోటారు ఊసే లేదు.

రెండవ ఫ్లాటు వెనుక బడి ఉన్నది. విరామం గంట కొట్టగానే వందల గొంతులు ఒక్కసారిగా లేచాయి.

"అందుకే మనకి మొదటిసారి ఆదివారం నాడు చూపించారు, గడుసువాళ్ళు!" అని నవ్వుతూ చాప చుట్టేసింది. ఆ నవ్వు కింద ఎంత అలసట ఉన్నదో నాకు తెలుసు. అయినా ఆమె పట్టు సడలలేదు. ఇన్నేళ్ళలో ఇంత శ్రద్ధగా ఇల్లు చూసినవారిని నేనెరుగను.

మూడవది పాత భవనంలో నాలుగవ అంతస్తు. పత్రాలు సక్రమంగానే ఉన్నా గోడల రంగు పెచ్చులూడుతున్నది. తొమ్మిదింటికి ఆమె గది తలుపు వేసుకున్నది. పన్నెండయింది. మూడయింది. నాలుగు దాటింది. బ్రోకరు తలుపు తట్టబోయాడు.

"లేపండి సార్! ఐదింటికి ఇంకో పార్టీ వస్తోంది."

నేను కుర్చీని తలుపుకు అడ్డంగా జరుపుకుని కూర్చున్నాను.

"పరిశీలన జరుగుతోంది."

"నిద్రపోతుంటే పరిశీలనేంటి సార్!"

"అదే పరిశీలన. గొంతు తగ్గించు."

నాలుగున్నరకు తలుపు తెరుచుకున్నది. ఆమె చెంప మీద చాప అచ్చు పడి ఉన్నది. టైమెంతని అడిగింది. చెబితే నమ్మక, నా చేయి పట్టుకుని గడియారం తానే చూసుకున్నది.

"అమ్మా, ఐదింటికి ఇంకో పార్టీ..." అంటూ బ్రోకరు నసిగాడు.

"వాళ్ళకి ఫోన్ చేసి రావద్దని చెప్పన్నా. అడ్వాన్సు ఇప్పుడే ఇచ్చేస్తా."