ఆరింటిలోపు తేలాల్సిన పేరు

మిర్యాలగూడలో ఆడబిడ్డ ఇంటి గడప బయట కొత్త కోడలు కల్పన నిలబడి పది నిమిషాలయింది. పక్కన కోదాడ స్వీట్ల డబ్బాతో మొగుడు పరశురాములు. ఎదురుగా గుమ్మానికి చేయి అడ్డం పెట్టి ఆడబిడ్డ రాణి.

"మా తమ్ముడు నీ పేరు జెప్పిండు. ఇగ నీ వంతు. మొగుని పేరు జెప్పి లోపలికి రా."

పెళ్లయి పంతొమ్మిది రోజులు. ఆ పేరు తలచుకుంటేనే కల్పనకు నవ్వు ముంచుకొస్తోంది. కానీ కళ్లు మాత్రం ఫోన్ గడియారం మీదే ఉన్నాయి.

"కాస్త ఆగండి వదినా. ఆరింటిలోపు ఇంకో పేరు తేల్చాలి."

"ఇంకో పేరా? ఎవరిదే తల్లీ?"

"నాదైతే కాదక్కా," అన్నాడు పరశురాములు.

బడిపిల్లలు తెలుగులోనే ప్రోగ్రాములు రాసుకునేలా కల్పనా, ఆమె స్నేహితులూ ఒక చిన్న కంప్యూటర్ భాష తయారుచేశారు. అందులో దాచే విలువల రకాలకు పేర్లు పెట్టే పని కల్పనది. వరుసగా పేర్చేదానికి "జాబితా" అని ఇట్టే కుదిరింది. ఒక్క రకం దగ్గరే బండి ఆగింది. దాని లోపల విలువ ఉండొచ్చు, ఉండకపోవచ్చు. వాడే ముందు చూసుకోవాలి. నిఘంటువు తిరగేసి మరీ దానికి "వైకల్పికం" అని పెట్టి మురిసిపోయింది. నిన్న సూర్యాపేటలో జోసెఫ్ సార్ తన తొమ్మిదో తరగతికి ఇచ్చి చూస్తే, ఒక్కరంటే ఒక్కరూ లోపల చూసుకోలేదు. ప్రోగ్రాములన్నీ చతికిలబడ్డాయి. ఈ సాయంత్రం ఆరింటికి పేర్లు ఖరారు. తర్వాత మార్చితే పిల్లలు అప్పటికే రాసుకున్నవేవీ నడవవు.

"వైకల్పికమా? గదేదో దగ్గు మందు లెక్కుంది," అంది రాణి.

"డబ్బా అనుకోండి వదినా. లోపల ఉంటే ఉంటుంది, లేకుంటే లేదు."

"మా గ్యాస్ బండ లెక్కనా? సుట్టాలొస్తున్నరంటే ముందుగాల దాన్ని లేపి సూస్త, ఉందో లేదో అని."

కల్పన గబుక్కున మొగుడి వైపు తిరిగింది. మరుక్షణం, "పరశురాములూ, లాప్‌టాప్ తియ్యి," అంది గట్టిగా.

రాణి చేయి దించి, కడుపు పట్టుకుని నవ్వింది. "నీ పేరు భలే పిలిచిందిరో తమ్ముడూ. పనోణ్ణి పిలిచినట్టు."

ఐదూ నలభైకి కల్పన "ఉందోలేదో" అని రాసి జోసెఫ్ సార్‌కు పంపింది. ఇంట్లో కూర్చున్నా, చేతిలో మంచినీళ్ల గ్లాసు అలాగే ఉండిపోయింది. పది నిమిషాలకు ఫోన్ మోగింది.

"సాయంత్రం క్లాసులో బోర్డు మీద పేరొక్కటే రాసినమ్మా, ఏం జెప్పలే," అన్నాడు జోసెఫ్ సార్. "దీంతోని ముందు ఏం జేస్తరు అంటే, ఉందో లేదో సూస్తం సార్ అన్నరు. గిది గూడ అడుగుతరా అన్నట్టు నన్నే సూసిన్రు."

కల్పన వైకల్పికాన్ని అక్షరం మిగలకుండా చెరిపేసి, కొత్త పేరు ఖరారు చేసి, అప్పుడు గటగటా నీళ్లు తాగింది.