నాలుగో షరతు

ఉతికిన లైఫ్ జాకెట్లు పద్నాలుగింటినీ తాడు మీద ఆరేసి, ఒక్కొక్కదాని చంకలో ముక్కు పెట్టి వాసన చూసుకుంటూ వస్తున్నాడు బంగార్రాజు. ఎనిమిదోదాన్ని మళ్లీ ఉతకాలి. నిన్న దాన్ని తొడుక్కున్న తాడేపల్లిగూడెం పెద్దమనిషి ఉల్లిపాయల వ్యాపారి కాబోలు, సబ్బుకి కూడా లొంగలేదు.

ఆయనకి అరవై రెండేళ్లు. సన్నగా, పొడుగ్గా, కాస్త ముందుకి వంగి, తను పడవ నెట్టే వెదురు గెడలాగే ఉంటాడు. అరచేతులు వెదురు రాసుకుని రాసుకుని చెప్పు అడుగుల్లా అయ్యాయి. నలభై ఏళ్లు పడవ అంచు మీద నిలబడ్డందుకు కాలివేళ్లు విసనకర్రలా విచ్చుకుపోయాయి. చెప్పుల షాపులో ఆయన సైజు ఎవరూ చెప్పలేరు. నేల మీద నడిచేటప్పుడు కొంచెం తూలుతాడు. పడవెక్కితే మాత్రం గ్లాసులో నీళ్లు పోసి నెత్తిన పెట్టినా తొణకవు.

కొల్లేటి ఒడ్డున ఆ రేవంటే ఆరు సిమెంటు మెట్లు, టిక్కెట్ల గది, నాగదుర్గ టీ బడ్డీ, మొక్కజొన్న పొత్తుల బండి, ‘పక్షులను ప్రేమించండి’ అని రాసిన బోర్డు. ఆ బోర్డుకి ఆనించి, నీలం బరకం కప్పి, ఒక ఇంజను పడవ. దాని యజమాని పడవల సంఘం ప్రెసిడెంటు ఫణీంద్ర. ఎప్పటికైనా అనుమతి వస్తుందన్న ఆశతో మూడేళ్ల కింద కొన్నాడు. అది ఇప్పటిదాకా నీళ్లు చూడలేదు, వాన పడ్డప్పుడు తప్ప.

ఎనిమిదింటికే ఆయన భార్య మంగతాయారు సంచితో సహా వచ్చి బడ్డీ బల్ల మీద కూర్చుంది. సంచిలో రెండు లుంగీలు, ఒక తువ్వాలు, స్టీలు గ్లాసు, ఏలూరు ఆసుపత్రి ఫైలు ఉన్నాయి.

“ఇప్పుడే ఎందుకొచ్చావే? బస్సు రెండింటికి కదా,” అన్నాడు బంగార్రాజు.

“సంచి కనపడుతుంటే మీకు గుర్తుంటుందని.”

“నాకు మతిమరుపని డాక్టరు చెప్పాడా?”

“గుండెకి రక్తం వెళ్లే దారి పూడిపోయిందని చెప్పారు. బుర్ర సంగతి నేను చెబుతున్నా.”

నాగదుర్గ టీ వడపోస్తూ నవ్వు దాచుకుంది. బంగార్రాజు ఎనిమిదో జాకెట్టు తీసుకుని మెట్ల మీదకి పోయాడు.

ఏలూరు ప్రయాణం ఖాయమవడం ఇది మూడోసారి. మొదటిసారి కార్తీకమాసం, జనం ఎక్కువగా వస్తారని ఆపారు. రెండోసారి గూడబాతులు గుడ్లు పెట్టే సమయం, ఫొటోలవాళ్లు వస్తారని ఆపారు. ఈసారి డాక్టరు రేపు పొద్దున ఆపరేషనని చెప్పి, ఈ రాత్రికే చేరాలన్నాడు. గొంతులో విసుగు కూడా చూపించాడు. మంగతాయారుకి ఆ విసుగు మీద చాలా నమ్మకం కుదిరింది.

అసలు గొడవ నాలుగేళ్ల నాటిది. అప్పట్లో ఈ రేవు నుంచి పదకొండు ఇంజను పడవలు తిరిగేవి. పాటలు పెట్టుకుని, చిప్స్ పొట్లాలు ఎగరేసుకుంటూ, గూళ్ల కిందకంటా పోయేవారు. పక్షుల మీద ప్రేమ ఉన్న ఎవరో అర్జీ పెట్టారు. అటవీశాఖ ఆఫీసువాళ్లు పడవలన్నీ ఆపేశారు. ఊరివాళ్లు ఏలూరు వెళ్లి రెండు రోజులు టెంటు వేసుకుని కూర్చున్నారు. చివరికి రాజీ కుదిరింది. ఒకటే పడవ. ఇంజను లేదు. పాట లేదు. గెడ వేసి నడపాలి.

“మీలో గెడ వెయ్యడం వచ్చినవాళ్లు ఎవరు?” అని మీటింగులో అడిగారు.

నలభై మంది ఉన్నారు. కుర్రాళ్లకి ఇంజను తాడు లాగడం తప్ప ఏమీ తెలియదు. ముసలాళ్లకి తెలుసు, కానీ వాళ్లు తెలివైనవాళ్లు, తలలు దించుకున్నారు. బంగార్రాజు చెయ్యెత్తాడు. బళ్లో పంతులు అడిగినప్పుడు ఏనాడూ ఎత్తని చెయ్యి అది.

కాగితం మీద షరతులు తొమ్మిది పడ్డాయి. నాలుగోది: ‘పడవ నడుపు వ్యక్తి పేరు బంగార్రాజు. ఇతరులు నడిపినచో అనుమతి రద్దు.’ పేరు మార్చాలంటే మళ్లీ మొదటి నుంచి అర్జీ పెట్టుకోవాలి. పెడితే అవతలివాళ్లు అడ్డం పడతారు. అందుకని ఊళ్లో ఎవరూ ఆ కాగితం జోలికి పోలేదు. దాన్ని ప్లాస్టిక్ కవరులో వేసి టిక్కెట్ల గదిలో దేవుడి పటం పక్కన కట్టారు.

ఆ రోజు నుంచి బంగార్రాజుని ఊరు కంటికి రెప్పలా చూసుకుంది. జలుబు చేస్తే నలుగురు కషాయం తెచ్చారు. పెదవేగిలో బావమరిది పామాయిలు తోటకి కాపలా మనిషి కావాలన్నాడు, మంచం కూడా వేయిస్తానన్నాడు. బంగార్రాజు ఆ మంచం గురించి చాలాసార్లు ఆలోచించాడు, నాలుగు కోళ్లూ పొడి నేల మీద ఆనిన మంచం. ఆ మాట బయటకి పొక్కగానే మొక్కజొన్న పొత్తులమ్మే ఆవిడ వచ్చి ఏడ్చింది. చెల్లెలి మనవరాలి పెళ్లికి చింతలపూడి వెళితే సాయంత్రానికల్లా సంఘం ఖర్చుతో ఆటో వచ్చింది. కొల్లేట్లో గూడబాతుల తర్వాత అంత రక్షణ ఉన్న ప్రాణి ఆయనొక్కడేనని నాగదుర్గ అనేది. గూడబాతులు నయం, వేసవి వస్తే ఎగిరిపోతాయి.

పదింటికి మొదటి ట్రిప్పు. ఏలూరు నుంచి ఒక బ్యాంకాయన కుటుంబం. గుర్రపుడెక్క మధ్య కోసిన దారిలో పడవ మెల్లగా జారింది. బంగార్రాజు గెడని నీళ్లలోకి జారవిడిచి, అడుగు తగిలాక ఛాతీ ఆనించి, పడవ ముందు నుంచి వెనక్కి నాలుగడుగులు నడిచి, మళ్లీ ఎత్తాడు. ఒక్కో నడకకి ఒక్కో నెట్టు. పక్షులు గూళ్లు కట్టుకోవడానికి నీళ్లలో పాతిన ఇనుప స్టాండ్ల దగ్గరకి రాగానే గెడని రెండు చేతులా బురదలోకి గుచ్చి, పడవ తాడుని దానికి రెండు చుట్లు చుట్టి ముడివేశాడు. పడవ నడిపేవాడు చెయ్యి ఖాళీ చేసుకోవాలంటే ముందు పడవని కట్టాలి. చుట్ట కాల్చుకోవాలన్నా సరే. వాళ్ల నాన్న నేర్పిన మొదటి పాఠం అది.

స్టాండ్ల మీద గూడబాతులు సంతలో ఆడవాళ్లలా కిక్కిరిసి కూర్చున్నాయి. పిల్లలు తల్లుల గొంతుల్లోకి తలలు దూర్చేసి చేపలు వెతుక్కుంటున్నాయి. బ్యాంకాయన ఫొటోలన్నీ తీసుకున్నాక సరదాపడి గెడ పీకబోయాడు. అది కదల్లేదు. రెండు చేతులా లాగాడు. భార్య వీడియో తీస్తోందని ఇంకా గట్టిగా లాగాడు.

“లాగకూడదండీ. లాగేకొద్దీ బురద పట్టుకుంటుంది,” అన్నాడు బంగార్రాజు. “కుడిపక్కకి ఒకసారి మెలిపెట్టి, అది ఊ అన్నాక ఎత్తాలి.”

చూపించాడు. గెడ వెన్నలోంచి వచ్చినట్టు వచ్చింది. ఆ మెలి తిప్పినప్పుడే ఎడమ భుజం నుంచి దవడ దాకా ఏదో తీగ లాగినట్టయింది. పళ్లు బిగించి నవ్వాడు. వీడియోలో అది కూడా పడింది.

రెండో ట్రిప్పు అయ్యేసరికి పన్నెండున్నర. మెట్ల మీద కూర్చుని ఊపిరి లెక్కపెట్టుకుంటుంటే ఫణీంద్ర బండి దిగాడు. ఇస్త్రీ చొక్కా, చేతిలో ఫైలు. దూరం నుంచే దణ్ణం పెట్టాడంటే పని ఉందన్నమాట.

“బాబాయ్, ఆఫీసరు మేడమ్ ఇన్‌స్పెక్షన్‌కి వస్తున్నారు. ఒంటిగంటకి ఇక్కడుంటారు. ఒక్క ట్రిప్పు.”

“ఇవాళ కుదరదు ఫణీ. బస్సుంది.”

“రెండింటికి కదా? గంటలో అయిపోద్ది. బ్యాటరీ పడవకి ఒప్పిద్దామని నెల నుంచీ తిరుగుతున్నా. ఆవిడ ఊ అంటే ఇంక నీకు గెడే ఉండదు. నీ కోసమే బాబాయ్ ఇదంతా.”

బల్ల మీద నుంచి మంగతాయారు లేచింది. “ఏవండీ ఫణీంద్ర గారూ, పోయినసారీ ఈయన కోసమే అన్నారు. ఈయన కోసం మీరింత కష్టపడితే ఈయన మిగలరండీ.”

“అంత మాటనకు పిన్నీ. బస్సు తప్పితే నా కార్లో పంపిస్తా.”

“పోయినసారీ ఆ కారే అన్నారు. అది షెడ్డులో ఉంది అప్పుడు.”

“ఇప్పుడూ షెడ్డులోనే ఉందనుకో, సాయంత్రానికి వచ్చేస్తుంది.”

బంగార్రాజు భార్య వైపు చూడలేదు. టిక్కెట్ల గది, పొత్తుల బండి, బడ్డీ, ఒక్కొక్కటీ చూశాడు. అందరూ ఆయన్నే చూస్తున్నారు, పైకి మాత్రం పనులు చేసుకుంటున్నారు.

“గంటలో వచ్చేస్తాలే,” అన్నాడు సంచి వైపు చూస్తూ.

ఒంటిగంటకి వస్తానన్న ఆఫీసరు ఒకటీ నలభైకి వచ్చింది. పేరు ఇందుజ. చిన్న వయసు, ఎండకి కమిలిన ముఖం, మెడలో బైనాక్యులరు. ఆలస్యమైందని అందరికీ క్షమాపణ చెప్పింది, బంగార్రాజుకి కూడా. ఎక్కగానే జాకెట్లు లెక్కపెట్టింది.

“మీరు వేసుకోలేదేంటండీ?”

“నాకు ఈతొచ్చండీ.”

“షరతు నంబరు ఏడు,” అంది నవ్వుతూ. ఆయన ఎనిమిదోది తొడుక్కున్నాడు. ఇంకా తడిగానే ఉంది, ఉల్లిపాయ వాసన అలాగే ఉంది.

పడవ కదిలీ కదలగానే వాళ్లిద్దరూ మొదలుపెట్టారు.

“బ్యాటరీకి చప్పుడే ఉండదు మేడమ్.”

“చప్పుడొక్కటే కాదండీ. వేగంగా పోతే అలలు లేస్తాయి. ఒకదానికి ఇస్తే పదకొండూ వస్తాయి.”

“మరి చేపల చెరువుల దగ్గర రాత్రీ పగలూ ఇంజన్లు ఆడుతున్నాయి కదండీ! అక్కడ పక్షులకి చెవులుండవా?”

“అది నా పరిధి కాదండీ.”

“మా ఊళ్లో పన్నెండిళ్లు ఈ ఒక్క పడవ మీద బతుకుతున్నాయి మేడమ్.”

అది నిజమే, ఆవిడ చెప్పిందీ నిజమే. బంగార్రాజు ఛాతీ ఆనించి నడిచాడు, ఎత్తాడు, నడిచాడు. మాటలు ఆయనకి చెరో వైపు నుంచీ వచ్చి, నీళ్ల మీద పడిపోతున్నాయి. చెమట చల్లగా పోస్తోంది.

ఇందుజ ఉన్నట్టుండి వెనక్కి తిరిగింది. “పర్మిట్టు మీ పేరు మీదే కదండీ. మీరేమంటారు?”

నాలుగేళ్లలో ఆ ప్రశ్న ఎవరూ అడగలేదు. ఆయన నడవడం ఆపాడు.

“నేను దిగిపోతానండీ.”

ఫణీంద్ర పెద్దగా నవ్వాడు. “మా బాబాయికి జోకులెక్కువ మేడమ్.”

“దిగిపోవడానికి లేదనుకుంటానండీ,” అంది ఇందుజ, ఫైల్లో వెతుకుతూ. నిజంగానే బాధపడుతున్నట్టుంది. “పేరు తీసేస్తే అనుమతే పోతుంది. ఒక అర్జీ పెట్టండి, పైకి పంపిస్తాను.”

“అలాగేనండీ,” అన్నాడు బంగార్రాజు.

స్టాండ్లు దగ్గర పడ్డాయి. దూరంగా గట్టు మీద రోడ్డు. ఆ రోడ్డు మీద ఎర్ర బస్సు, అగ్గిపెట్టంత, దుమ్ము లేపుకుంటూ ఏలూరు వైపు పోతోంది. రేవు దగ్గర ఆగింది. కాసేపు ఆగింది. కదిలింది.

అది చేపల చెరువుల వెనక కనుమరుగయ్యేదాకా చూశాడు. తర్వాత గెడని రెండు చేతులా ఎత్తి, ఉన్న బలమంతా పెట్టి బురదలోకి దింపాడు. పడవ తాడు రెండు చుట్లు చుట్టాడు. ముడివేశాడు. ముడిని ఒకసారి లాగి చూసుకున్నాడు. పడవ అడుగున కూర్చుని, అడ్డబద్దకి వీపు ఆనించాడు.

జాకెట్టు లావు వల్ల పక్కకి ఒరగలేదు. గడ్డం దాని కాలరు మీద ఆనింది. పక్షుల వైపే చూస్తున్నట్టు ఉన్నాడు.

అందరికీ ఫొటోల కోసం ఆపే చోటే కదా అని వాళ్లిద్దరూ అనుకున్నారు. ఇంకో పావుగంట వాదించుకున్నారు. బ్యాటరీ పడవకి ఎన్ని సీట్లుండాలన్న దగ్గర దాదాపు రాజీ కూడా కుదిరింది. “ఇంక పోదాం బాబాయ్,” అన్నాడు ఫణీంద్ర. మళ్లీ అన్నాడు. మూడోసారి ఇందుజ లేచి వెళ్లి, చెయ్యి పట్టుకుని నాడి చూసి, చాలాసేపు పట్టుకునే ఉంది.

నిలువు లోతు నీళ్లు, మోకాలి లోతు బురద. గెడ ఉంది, వేసేవాడు లేడు.

“మేడమ్,” అన్నాడు ఫణీంద్ర ఫోను పట్టుకుని. “రేవులో నా ఇంజను పడవుంది. కానీ ఇంజను...”

“తెప్పించండి.”

“అనుమతి రాసివ్వాలేమో...”

“తెప్పించండి అన్నాను కదండీ!”

మూడేళ్ల బరకం ఊడింది. ఇంజను తొమ్మిదోసారికి అంటుకుంది. ఆ చప్పుడుకి స్టాండ్ల మీది గూడబాతులన్నీ ఒక్కసారిగా లేచాయి. వాటి నీడ ఆ చిన్న పడవ మీదుగా పోయింది. ఆయన ముఖం మీదుగా కూడా.

పడవని ఇంజను వెనక కట్టడానికి ముడి విప్పబోతే ఎవరికీ రాలేదు. తాడు కోశారు. గెడ కోసం ఫణీంద్ర, వచ్చినవాళ్లు ఇద్దరు, కలిసి లాగారు. లాగేకొద్దీ బురద పట్టుకుంది. వదిలేశారు.

రేవు మెట్ల మీద మంగతాయారు సంచి ఒళ్లో పెట్టుకుని కూర్చుని ఉంది. పడవ ఆగాక దిగివచ్చి, ఆయన జాకెట్టు బకిల్సు ఒక్కొక్కటీ విప్పింది.

“బస్సుని ఆపానండీ కాసేపు,” అంది ఆయనతో. “డ్రైవరు మంచివాడే. ఇంక ఆగలేనన్నాడు.”

నాలుగో షరతు ప్రకారం అనుమతి ఆ సాయంత్రమే రద్దయింది. ఇంజను సంగతి ఇందుజ తన పేరు మీదే రాసుకుంది, పైవాళ్లు సంజాయిషీ అడిగారట. అర్జీలు మళ్లీ మొదటి నుంచి మొదలయ్యాయి. బరకం మళ్లీ కప్పారు. గూడబాతులు చీకటి పడకముందే తిరిగొచ్చాయి.

గెడ అక్కడే ఉంది, రెండో స్టాండుకి నాలుగు బారల దూరంలో, కాస్త ముందుకి వంగి. కొస మీద ఒక నీటికాకి రెక్కలు విప్పి ఆరబెట్టుకుంటూ కూర్చుంటుంది. కింద నీటి మట్టానికి కొంచెం పైన, రెండు చుట్ల తాడు, ఆ ముడి.